దుబాయి దూరం 4 గంటలే - శవం ఇల్లు చేరింది 18వ రోజున

(మా గ్రామీణ విలేఖరి)

జగిత్యాల : "దుబాయి ఎంత దూరం ఉంటది బిడ్డా?" అని ఒక పెద్దమనిషి ఇటీవల ఈ విలేఖరిని అడిగారు. మన జిల్లాలో ఇది కొత్త ప్రశ్న కాదు. కొడుకును, అల్లుణ్ణి, తమ్ముణ్ణి గల్ఫ్‌కు పంపిన ప్రతి ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ప్రశ్నే. అయితే ఆ రోజు అడిగిన పెద్దాయన కొడుకు దుబాయిలో చనిపోయి అప్పటికి ఐదు రోజులు. "హైదరాబాదు నుండి 2,550 కిలోమీటర్లు పెద్దయ్యా, విమానంలో నాలుగు గంటలు" అని చెబితే ఆయన కాసేపు ఊరుకున్నారు. తర్వాత "నాలుగు గంటల తొవ్వకు అయిదు దినాలాయె. ఇంకెందుకు రాకపాయె?" అన్నారు.

ఆ ప్రశ్నకు అప్పుడు ఈ విలేఖరి వద్ద జవాబు లేదు. శవం ఊరు చేరింది 18వ రోజున. ఈలోగా తెలిసిన సంగతులు, శంషాబాద్ విమానాశ్రయం దాకా పోయి చూసి వచ్చిన సంగతులు జిల్లాలోని గల్ఫ్ కుటుంబాలన్నింటికీ పనికి వస్తాయన్న ఉద్దేశంతో ఇక్కడ ఇస్తున్నాము. చనిపోయిన వ్యక్తి పేరు, ఊరి పేరు రాయవద్దని ఇంటివారు కోరారు.

ఆకాశ దూరం ఎంత?

శంషాబాద్ విమానాశ్రయం నుండి దుబాయి విమానాశ్రయానికి ఆకాశ మార్గాన సుమారు 2,550 కిలోమీటర్లు. హైదరాబాదు నుండి ఢిల్లీకి ఆకాశ దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. అంటే దుబాయి ఢిల్లీకి రెండింతలు. అదే లెక్కన మస్కట్ సుమారు 2,200, కతార్‌లోని దోహా సుమారు 2,900, బహ్రెయిన్ సుమారు 3,000, కువాయిట్, రియాద్ ఒక్కొక్కటి సుమారు 3,400, జెడ్డా సుమారు 4,100 కిలోమీటర్లు. మనవాళ్ళు ఎక్కువగా పోయే పట్టణాల్లో మస్కట్, దుబాయి దగ్గరివి. జెడ్డా అన్నింటికన్నా దూరం.

ఈ దూరం భూగోళం మీద రెండు చోట్లను కలిపే అతి దగ్గరి దారి. భూమి గుండ్రంగా ఉన్నది గనుక గోడమీది పటంలో గీత గీసి కొలిస్తే సరిపోదు. గ్లోబు మీద రెండు ఊళ్ళకు దారం పట్టి బిగించి కొలిస్తే వచ్చేదే అసలు దూరం. బడిలో గ్లోబు ఉన్న ఊళ్ళో పిల్లలు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చు.

మామూలు ప్రయాణీకుల విమానం మీదికి లేచాక గంటకు 800 నుండి 900 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఆ వేగంతో 2,550 కిలోమీటర్లకు మూడు గంటలే పట్టాలి. మరి నాలుగు గంటలని ఎందుకంటారు? టిక్కెట్టు మీద వేసే సమయం విమానం గేటు నుండి కదిలింది మొదలు అవతలి గేటుకు చేరేవరకు. రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, తన వంతు కోసం ఆగడం, పదకొండు పన్నెండు కిలోమీటర్ల ఎత్తు ఎక్కడం, మళ్ళీ దిగడం, అన్నీ అందులోనే లెక్క. పైగా విమానం దారం పట్టినట్టు పోదు. ఆకాశంలోనూ నిర్ణయించిన దారులున్నాయి. దుబాయి ప్రపంచంలో అంతర్జాతీయ ప్రయాణీకుల రద్దీ అత్యధికంగా ఉండే విమానాశ్రయాలలో ముందువరుసలోనిది. రద్దీ వేళల్లో దిగడానికి పైనే చుట్లు తిరగవలసి వస్తుంది.

పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడు అరగంట వరకు తక్కువ పట్టడం కూడా చాలామంది గమనించే ఉంటారు. అంత ఎత్తున ముఖ్యంగా చలికాలంలో పడమటి నుండి తూర్పుకు బలమైన గాలి వీస్తుంది. పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకనుండి తోసే గాలి. వానాకాలంలో దక్షిణాది మీద పైగాలి తూర్పు నుండి వీస్తుంది గనుక ఈ తేడా తగ్గుతుంది. ఎడ్లబండి మీద ఎదురుగాలికి పోయిన వారికి ఈ విషయం వేరే చెప్పనక్కరలేదు.

గడియారం చేసే తికమక

ఇక టిక్కెట్టు చదవడంలో మనవాళ్ళు ఎక్కువగా పొరబడేది గంటల దగ్గర. మన దేశపు గడియారం దుబాయి గడియారం కన్నా గంటన్నర ముందు ఉంటుంది. మస్కట్‌దీ అదే లెక్క. కువాయిట్, సౌదీ, కతార్, బహ్రెయిన్‌ల కన్నా మనం రెండున్నర గంటలు ముందు. టిక్కెట్టు మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరిది, చేరే సమయం చేరే ఊరిది.

ఉదాహరణకు హైదరాబాదులో ఉదయం 10 గంటలకు లేచి దుబాయిలో మధ్యాహ్నం 12.30కి దిగుతుందని ఉంటే రెండున్నర గంటల ప్రయాణమని అనుకోరాదు. దుబాయిలో 12.30 అంటే మనకు 2 గంటలు. ప్రయాణం నాలుగు గంటలు. వచ్చేటప్పుడు దుబాయిలో రాత్రి 10 గంటలకు లేచి హైదరాబాదులో తెల్లవారుజామున 3 గంటలకు దిగుతుందని ఉంటే ఐదు గంటలు కనిపిస్తుంది గాని, అసలు ప్రయాణం మూడున్నరే. "పోయేటప్పుడు రెండున్నర, వచ్చేటప్పుడు ఐదు" అని ఊళ్ళలో చెప్పుకునే మాట ఈ తికమక వల్ల పుట్టిందే.

గంటన్నర పొరబాటుతో పెద్ద నష్టం లేదు. తేదీ పొరబాటుతో ఉన్నది. గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున లేస్తాయి. జిల్లాకు చెందిన ఒక యువకుని టిక్కెట్టు 15వ తేదీ 2.30 గంటలకు ఉన్నది. మన పల్లెల్లో తెల్లారితేనే తేదీ మారినట్టు లెక్క. అతడు 15వ తేదీ పగలంతా ఇంట్లో అందరికీ చెప్పి, గుడికి పోయి, మేకపోతును కోసి, సాయంత్రం బస్సెక్కి రాత్రికి విమానాశ్రయం చేరాడు. విమానం ముందటి రాత్రే లేచిపోయింది. 15వ తేదీ 2.30 అంటే 14వ తేదీ రాత్రే అక్కడ ఉండాలని టిక్కెట్టు చేతిలో పెట్టిన సబ్ ఏజెంటు ఒక్క మాట చెప్పలేదు. కొత్త టిక్కెట్టుకు ఇంటివాళ్ళు మళ్ళీ మిత్తికి తెచ్చారు. "ఏజెంటు నా తప్పేముంది, టిక్కెట్టు మీద రాసే ఉన్నది గదా అన్నడు" అని అతని అన్న ఈ విలేఖరితో వాపోయారు.

టిక్కెట్టు మీద గంట 12 నుండి 5 మధ్య ఉండి, ముందర సున్నా ఉన్నా, పక్కన ఉదయం అని ఉన్నా అది తెల్లవారుజాము. దాని పక్కన ఉన్న తేదీకి ముందటి సాయంత్రమే విమానాశ్రయంలో ఉండాలి. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

ఊరి గడప నుండి లెక్క

"దుబాయి ఎంత, నాలుగు గంటలు. అత్తగారింటికి పోయివచ్చినట్టు పోయి రావచ్చు" అని ఏజెంట్లు చెప్పే మాట జిల్లాలో వినని ఊరు లేదు. నాలుగు గంటలు నిజమే. కాని అది శంషాబాద్‌లో ఇల్లు ఉన్నవాడి లెక్క.

మన ఊరి గడప నుండి లెక్క ఇలా ఉంటుంది. ఊరి నుండి ఆటోలో జగిత్యాల చేరి బస్సు దొరకబుచ్చుకునేసరికి ఒక గంట. జగిత్యాల నుండి కరీంనగర్ మీదుగా హైదరాబాదు జూబిలీ బస్ స్టేషన్‌కు రెండు వందల కిలోమీటర్లు, సుమారు ఐదు గంటలు. అక్కడి నుండి నగరం అవతల ఉన్న శంషాబాద్‌కు గంటన్నర. విదేశీ ప్రయాణానికి మూడు గంటలు ముందుగా హాజరు కావాలి. ఆ తర్వాత విమానంలో నాలుగు గంటలు. దుబాయిలో దిగి ఇమ్మిగ్రేషన్ వరుస దాటి సామాను తీసుకునేసరికి గంటన్నర. కంపెనీ బండి వచ్చి క్యాంపుకు తీసుకుపోయేసరికి మరో గంట. మొత్తం 17 గంటలు. అందులో ఆకాశంలో గడిపేది నాలుగో వంతు కన్నా తక్కువ.

విమానం వేగం పెరిగి కాదు, విమానాశ్రయం దగ్గర కావడం వల్లనే మనవాళ్ళ ప్రయాణం తగ్గిందని పాతవారు చెబుతారు. పాతకాలపు గల్ఫ్ వలసదారులకు దారి బొంబాయి మీదుగానే. ఏజెంట్లు అక్కడే, విమానం అక్కడే. భీవండిలో మగ్గాల మీద పనిచేస్తూ వీసా కోసం నెలల తరబడి కాచుకున్న పెద్దలు ఇంకా మన ఊళ్ళలో ఉన్నారు. అంతకు ముందు తరం ఓడల్లో పోయింది. బొంబాయి నుండి గల్ఫ్ రేవులకు "ద్వారక" అనే ప్రయాణీకుల ఓడ 1982 వరకు నడిచింది. హైదరాబాదులో బేగంపేట స్థానంలో శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయ్యాక మనకు బొంబాయి బాధ చాలావరకు తప్పింది.

చుట్టు తిరుగుడు టిక్కెట్లు

అయినా అందరికీ నాలుగు గంటల విమానం దొరకడం లేదు. నేరుగా పోయే విమానం టిక్కెట్టు ధర ఎక్కువ. పండుగలకు, గల్ఫ్ బడుల వేసవి సెలవులకు మరీ ఎక్కువ. డబ్బు మిగుల్చుకునేందుకు ఏజెంట్లు మధ్యలో మరో పట్టణంలో దిగి మారే టిక్కెట్లు కొంటున్నారు. అలాంటి టిక్కెట్టుతో హైదరాబాదు నుండి ముంబయికో, మస్కట్‌కో, బహ్రెయిన్‌కో పోయి, అక్కడ ఎనిమిది పది గంటలు కుర్చీలో కూర్చొని మరో విమానం ఎక్కాలి. నాలుగు గంటల దారి పదహారు గంటలు అవుతుంది.

మొదటిసారి పోయేవారికి ఇది నరకమే. బోర్డు చదవరాదు, భాష రాదు, చేతిలో ఆ దేశపు రూపాయి ఉండదు. రెండు విమానాలు ఒకే టిక్కెట్టు మీద ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినప్పుడు మరో విమానం ఎక్కించే బాధ్యత విమాన సంస్థదే. విడివిడిగా రెండు టిక్కెట్లు కొని ఇస్తే ఆ బాధ్యత ఎవరికీ లేదు. అందుచేత డబ్బు కట్టే ముందే మూడు మాటలు అడగాలని అనుభవం ఉన్నవారు చెబుతున్నారు. విమానం నేరుగా పోతుందా, మధ్యలో ఆగుతుందా? ఆగితే ఎన్ని గంటలు? టిక్కెట్టు ఒకటా, రెండా?

విదేశీ ఉద్యోగానికి మనుషులను పంపే లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుం 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. అంతకుమించి ఏ పేరుతో అడిగినా ఎందుకని నిలదీసే హక్కు ఉన్నది. లైసెన్సు లేని సబ్ ఏజెంటుకు ఒక్క రూపాయి తీసుకునే హక్కు కూడా లేదు. కాని మన ఊరికి వచ్చేది లైసెన్సు ఉన్నవాడు కాదు, ఈ సబ్ ఏజెంటే. చిక్కంతా అక్కడే ఉన్నది.

దారి మూసుకున్న రోజులు

కిలోమీటర్లు మారవు. గంటలు మాత్రం లోకం తీరును బట్టి మారుతాయి. ఈ కొద్ది ఏళ్ళలోనే మనవాళ్ళు దీనిని మూడు నాలుగు సార్లు చూశారు.

2020 మార్చిలో కరోనా వల్ల అంతర్జాతీయ ప్రయాణీకుల విమానాలు ఆగిపోయాయి. నాలుగు గంటల దూరంలో ఉన్నవారు నెలల తరబడి గదుల్లో చిక్కుకుపోయారు. మే 7న "వందే భారత్" పేరుతో ప్రభుత్వం ప్రత్యేక విమానాలు మొదలుపెట్టింది. మామూలు షెడ్యూలు విమానాలు తిరిగి నడిచింది 2022 మార్చి 27 నుండి. ఆ కాలంలో తండ్రి చితికి నిప్పు పెట్టలేకపోయిన కొడుకులు, భర్త ముఖాన్ని ఫోనులోనే కడసారి చూసుకున్న భార్యలు మన జిల్లాలోనే ఉన్నారు.

2024 ఏప్రిల్ 16న ఎడారి నగరమైన దుబాయిలో కుండపోత వాన పడి విమానాశ్రయమే నీట మునిగింది. ఆ రెండు మూడు రోజులు వందలాది విమానాలు రద్దయ్యాయి. 2025 జూన్ 23న కతార్‌లోని అమెరికా స్థావరంపై ఇరాన్ క్షిపణులు వేయడంతో గల్ఫ్ దేశాలు కొన్ని గంటలపాటు ఆకాశాన్ని మూసివేశాయి. దారిలో ఉన్న విమానాలు వెనుదిరిగాయి. 2025 ఏప్రిల్ నెలాఖరులో పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశాన్ని మూసినప్పుడు ఢిల్లీ నుండి పడమటి దేశాలకు పోయే విమానాలు చుట్టు తిరిగి పోవలసి వచ్చింది. హైదరాబాదు నుండి దుబాయి దారి ముఖ్యంగా అరేబియా సముద్రం మీదుగా ఉన్నందున మనకు ఆ దెబ్బ అంతగా తగలలేదు.

కనుక సెలవు మీద వచ్చి తిరిగిపోయేవారు వీసా గడువు చివరి రోజున టిక్కెట్టు పెట్టుకోవడం మంచిది కాదు. ఒక్క వాన, ఒక్క క్షిపణి చాలు, వీసా పోవడానికి.

18 రోజులు ఎక్కడ పోయాయి?

ఇప్పుడు ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు వద్దాము. ఆయన కొడుకు వయసు 42. దుబాయిలో భవన నిర్మాణ పనుల్లో ఉండేవారు. మొదట విజిట్ వీసా మీద పోయి, తర్వాత ఒక కంపెనీలో కుదిరి, జీతం సరిగా రాక అక్కడి నుండి బయటపడ్డారు. మనవాళ్ళు "ఖల్లివెల్లి" అని పిలిచే స్థితిలో బయట పనులు చేసుకుంటున్నారు. ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. తెల్లవారి గదిలోని తోటివాళ్ళు చూసి పోలీసులకు చెప్పారు.

అక్కడి తోటివారు, ఇక్కడి ఇంటివారు చెప్పినదాన్ని బట్టి 18 రోజుల లెక్క ఇది. పోలీసు నివేదిక, డాక్టరు నివేదిక, మరణ ధ్రువపత్రం రావడానికి మూడు రోజులు. వీసా ఎవరి పేరు మీద ఉన్నది, పాస్‌పోర్టు ఎక్కడ ఉన్నది అని వెతకడానికి ఆరు రోజులు. పాస్‌పోర్టు పాత కంపెనీ దగ్గర ఉన్నది గాని ఆ కంపెనీ పూర్తి పేరు, ఫోను నంబరు ఇక్కడ ఇంట్లో ఎవరికీ తెలియదు. శవాన్ని పంపడానికి ఒప్పుకుంటూ కుటుంబం ఇవ్వవలసిన సమ్మతి పత్రానికి నాలుగు రోజులు. మొదట పంపిన పత్రంలో ఆధార్ ప్రకారం పేరు రాశారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు మరో విధంగా ఉన్నది. పత్రం తిరిగివచ్చి మళ్ళీ రాయించి పంపారు. మధ్యలో సెలవులు రెండు రోజులు. యు.ఏ.ఇ.లో 2022 జనవరి నుండి వారాంతపు సెలవు శని, ఆదివారాలు. మిగతా గల్ఫ్ దేశాల్లో ఎక్కువగా శుక్ర, శనివారాలు. చివరగా మన కాన్సులేట్ పాస్‌పోర్టు రద్దు చేసి నిరభ్యంతర పత్రం ఇవ్వడం, శవానికి ఎంబామింగ్ చేయించడం, పెట్టెలో పెట్టి విమానంలో చోటు ఖాయం చేయడం, వీటన్నింటికీ కలిపి మూడు రోజులు.

ఆకాశంలో గడిచింది మూడున్నర గంటలు. మనిషిగా పోయినవాడు సరుకుగా తిరిగివచ్చాడు. శవపేటిక వచ్చేది ప్రయాణీకులు బయటికి వచ్చే తలుపు నుండి కాదు, కార్గో షెడ్డు నుండి. విమానాశ్రయ ఆరోగ్యాధికారి అనుమతి అయ్యాక సంతకం పెట్టి తీసుకోవాలి. ఆ రోజు తెల్లవారుజామున ఆ షెడ్డు దగ్గర మన జిల్లావారిలాగే కాచుకొని నిలబడ్డ మరో రెండు కుటుంబాలను ఈ విలేఖరి చూశాడు. అక్కడి నుండి అంబులెన్సులో ఊరికి ఆరు గంటలు పట్టింది.

ఈ లెక్కను జాగ్రత్తగా చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. పోలీసులకు, కాన్సులేట్‌కు, ఎంబామింగ్‌కు పట్టిన ఆరు రోజులు, సెలవులు రెండు రోజులు తప్పనివి అనుకుందాము. మిగిలిన పది రోజులు పోయింది మాత్రం కంపెనీ పేరు తెలియక, పాస్‌పోర్టు జాడ తెలియక, పేరులో అక్షరాలు కలవక. ఆ పది రోజులు విమానం తినలేదు, దూరం తినలేదు, కాగితం తిన్నది. ఆ కాగితం ఇంట్లోని ఇనుప పెట్టెలో ముందే ఉంటే ఆ తండ్రి ఎదురుచూపు ఎనిమిది రోజులతో ముగిసేది.

ఇంట్లో ఉండవలసినవి

గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంట్లో ఈ కాగితాల నకళ్ళు ఉండి తీరాలి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు. వీసా. కంపెనీ పూర్తి పేరు, ఫోను నంబరు, చిరునామా. అక్కడి గుర్తింపు కార్డు. ఉద్యోగ ఒప్పందం. గదిలో ఉండే ఇద్దరు తోటివారి ఫోను నంబర్లు. బీమా పాలసీ. కంపెనీ మారినా, వదిలిపెట్టినా ఆ సంగతి సిగ్గుపడకుండా ఇంటికి చెప్పాలి. ఆధార్‌లో, పాస్‌పోర్టులో, రేషన్ కార్డులో పేరు, ఇంటిపేరు ఒకే విధంగా ఉండేట్టు పోకముందే సరిచేసుకోవాలి. దీనికంతా అయ్యేది నకళ్ళ ఖర్చే.

బీమా సంగతి కూడా చాలామందికి తెలియదు. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు మామూలుగా ఈ.సి.ఆర్. పాస్‌పోర్టు. అది ఉన్నవారు ఉద్యోగ వీసా మీద గల్ఫ్‌కు పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. అప్పుడు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. కాని విజిట్ వీసా మీద పోయినవారు ఈ లెక్కలోకే రారు. గుండెపోటు ప్రమాదం కిందికి రాదు. ఈ పెద్దాయన కొడుకు విషయంలో ఈ రెండూ అడ్డమే.

గల్ఫ్‌లో మరణించిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఇవ్వడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వులు ఇచ్చింది. దరఖాస్తు జిల్లా కలెక్టరు కార్యాలయంలో ఇవ్వాలి. గల్ఫ్ బాధితుల వినతుల కోసం హైదరాబాదు ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కూడా అదే ఏడాది మొదలైంది. శవాన్ని పంపే స్తోమత కంపెనీకి గాని, కుటుంబానికి గాని లేనప్పుడు మన రాయబార కార్యాలయాల వద్ద 2009లో ఏర్పాటు చేసిన ప్రవాసుల సంక్షేమ నిధి నుండి ఖర్చు పెట్టే వీలున్నది. అడిగినవారికే ఇవి అందుతాయి. ఆ కుటుంబం ఎక్స్‌గ్రేషియాకు దరఖాస్తు పెట్టుకుంది.

యు.ఏ.ఇ. ప్రభుత్వం ఖల్లివెల్లి కార్మికులకు జరిమానా లేకుండా ఇంటికి పోవడానికో, వీసా సరిచేసుకోవడానికో 2024 సెప్టెంబరు 1 నుండి డిసెంబరు 31 వరకు క్షమాభిక్ష గడువు ఇచ్చింది. ఈయన కూడా అప్పుడే వచ్చి ఉండవలసింది. "ఇంకో ఏడాది చేస్తే అప్పు తీరుతదని ఆగిండు అన్నా" అని ఆయన భార్య చెప్పారు. ఇలా ఆగిపోయినవారు ఇంకెందరో ఉంటారు. మరోసారి అలాంటి గడువు ప్రకటిస్తే ఆ కబురు ముందుగా ఇక్కడి ఇళ్ళకు చేరాలి. ఇంట్లోవాళ్ళు "అప్పు సంగతి తర్వాత, నువ్వు రా" అని చెబితేనే వాళ్ళు కదులుతారు.

అధికారులు చేయదగినది

యు.ఏ.ఇ.లో 35 లక్షలకు పైబడి భారతీయులు ఉన్నారు. అందులో మన జిల్లా వారు ఎందరు, ఏ ఊరి నుండి ఎందరు అన్న లెక్క గ్రామ పంచాయతీలో ఉండదు. ఊళ్ళో బోరుబావుల లెక్క ఉన్నది, గొర్రెల లెక్క ఉన్నది, దేశం దాటిపోయిన మనుషుల లెక్క లేదు. ప్రతి పంచాయతీలో ఒక రిజిస్టరు పెట్టి, పోయినవారి పేరు, పాస్‌పోర్టు నంబరు, కంపెనీ పేరు, వీసా గడువు రాసి ఉంచడానికి పెద్ద ఖర్చేమీ లేదు. సమ్మతి పత్రం ఎలా రాయాలో, ఎవరి చేత ధ్రువపరచాలో, ఎవరికి పంపాలో తెలిసిన ఒక ఉద్యోగిని ప్రతి మండల కార్యాలయంలో నియమిస్తే ఏడుస్తున్న ఇంటివారు పదిచోట్ల తిరిగే బాధ తప్పుతుంది. సబ్ ఏజెంట్ల మీద ఫిర్యాదు వచ్చినప్పుడు పెద్దమనుషుల పంచాయితీతో సరిపుచ్చకుండా పోలీసులు కేసు నమోదు చేయాలని కూడా గ్రామస్థులు కోరుతున్నారు.

విమానాలు పెరిగాయి, దారి దగ్గరైంది. బొంబాయిలో నెలలు కాచుకునే కాలం పోయింది. పోవడానికి పట్టే కాలం తగ్గినట్టే ఆపద వచ్చినప్పుడు తిరిగి రావడానికి పట్టే కాలం కూడా తగ్గాలి. అందుకు కొత్త విమానం అక్కరలేదు. ఇంట్లో ఒక కాగితాల సంచి, పంచాయతీలో ఒక రిజిస్టరు, మండలంలో తెలిసిన మనిషి ఒకరు ఉంటే చాలు.

దినాలు అయిపోయాక ఆ పెద్దాయన ఇంటికి ఈ విలేఖరి మరోసారి వెళ్ళగా, ఆయన చిన్న కొడుకు ఫోను చూపించారు. అతడు కతార్‌లో ఉన్నాడు. పాస్‌పోర్టు, వీసా, కంపెనీ కార్డు ఫోటోలు తీసి పంపించాడు. వాటి నకళ్ళు తీయించి గోడకున్న దేవుని పటం వెనుక కవరులో పెట్టారు. "దోహ ఎంత దూరం అని ఇగ అడుగ బిడ్డా. కాయితాలు ఇంట్ల ఉన్నయి" అన్నారు ఆయన.